టైల్స్ వెనక ఏం పెట్టించాలి?

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. ముప్ఫై ఏళ్లనాటి పిల్లర్ల ఇల్లు. మా అత్తగారికి 74 ఏళ్లు. ఈమధ్యే బర్డ్ ఆసుపత్రిలో మోకాలి ఆపరేషన్ అయింది. ఆవిడ కోసం కింది బాత్రూమ్ మొత్తం మార్పిస్తున్నాం. బయటివైపు పాత తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఉంది. పడగ్గదికీ బాత్రూమ్‌కీ మధ్య నాలుగంగుళాల ఏఏసీ బ్లాకులతో (గాలి బుడగలుండే తేలిక సిమెంటు బ్లాకులు) కొత్త గోడ కట్టించాం. బయటి గోడకు ఆనించి, కమోడ్ ట్యాంకు కనబడకుండా ఇంటీరియర్ అతను ఇనుప ఫ్రేమ్ వేసి సిమెంటు బోర్డుతో మూస్తున్నాడు. గోడకు వేలాడే కమోడ్, వాష్ బేసిన్, 25 లీటర్ల గీజర్, అత్తగారు పట్టుకోవడానికి రెండు స్టీలు రాడ్లు బిగించాలి. బోర్డు వెనక వార్డ్‌రోబ్‌లో మిగిలిన ప్లైవుడ్ పెడదామని కార్పెంటర్ అంటున్నాడు. ప్లైవుడ్ తడికి పోతుంది, డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే బోర్డు) పెడదామని ఇంటీరియర్ అతను. అసలవేమీ అక్కర్లేదు, టైల్స్ అయ్యాక ప్లగ్గులు కొట్టి బిగించేస్తానని మేస్త్రీ. వచ్చే వారమే టైల్స్ పని. ఎవరి మాట వినాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు టైల్స్ పని ఓ పదిహేను రోజులు వెనక్కి జరపండి. మీరు అడిగిన ప్రశ్న సరైన సమయంలోనే అడిగారు. గోడలు ఇంకా తెరిచి ఉన్నాయి కాబట్టి ఏం చేయాలన్నా ఇప్పుడు చేతిలో పని. టైల్స్ పడ్డాక ఇదే పనికి టైల్స్ పగలగొట్టాలి, వాటర్‌ప్రూఫింగ్ చింపాలి, రెండోసారి డబ్బు పెట్టాలి. ఇంతకంటే పెద్ద సంగతి, ఆ రాడ్డు ఊడేది ఆవిడ దాన్ని గట్టిగా పట్టుకున్న క్షణంలోనే.

ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. కానీ ముగ్గురూ మూడు గోడల్నీ ఒకటే గోడలా చూస్తున్నారు. వెనక ఏం పెట్టాలన్నది షాపులో ఏది బాగుందన్నదాన్ని బట్టి తేలదు. దానిమీద ఎంత లాగుడు పడుతుంది, ఆ లాగుడు చివరికి ఇంట్లో ఏ గట్టి భాగానికి చేరుతుంది, ఈ రెండింటిని బట్టి తేలుతుంది. టైలు బరువు మోయదు, టైల్ గమ్ మోయదు, పూత మోయదు, సిమెంటు బోర్డు కూడా మోయదు. ఇవన్నీ పైకి కనబడే తొడుగు. స్క్రూ కొన వీటిని దాటి వెళ్లి దేన్ని కొరికి పట్టుకుందన్నదే అసలు లెక్క.

లాగుడు అంటే ఏమిటో మీ వాష్ బేసిన్‌తోనే చూపిస్తాను. బేసిన్ గోడ నుంచి 45 సెంటీమీటర్లు ముందుకు వస్తుందనుకోండి. దాన్ని పట్టే రెండు బోల్టులకూ, బేసిన్ కింది అంచు గోడకు ఆనేచోటుకూ మధ్య 12 సెంటీమీటర్లు ఉందనుకోండి. మీ అత్తగారు ముఖం కడుక్కుంటూ కాలు తడబడి ముందు అంచు మీద 60 కిలోల బరువు మోపారు. 60ని 45తో గుణించి 12తో భాగిస్తే 225 కిలోలు. అంటే ఒక్కో బోల్టును గోడలోంచి బయటికి లాగే బలం 112 కిలోల పైమాటే. బేసిన్ సొంత బరువు దీనికి అదనం. గడ్డపారతో బండను లేపినట్టే ఇది, పొడుగు చివర కొంచెం నొక్కితే పొట్టి చివర ఎన్నో రెట్లు లేస్తుంది. పదిహేను కిలోల బేసినేగా, రెండు ప్లగ్గులు చాలవా అని పనివాళ్లు అనేది ఈ లెక్క చూడకనే. పట్టుకునే రాడ్ల విషయంలో అమెరికా నిబంధనలు 250 పౌండ్ల బలానికి తట్టుకోవాలంటాయి, అంటే సుమారు 113 కిలోలు. మన ఇంట్లోనూ అదే లెక్క పెట్టుకుంటే నిశ్చింతగా ఉంటుంది.

ఇక మేస్త్రీ మాట. గట్టి ఇటుక గోడలో, సరైన పొడవున్న ప్లగ్గుతో అయితే ఆయన చెప్పింది తప్పు కాదు. చిక్కల్లా పొడవు దగ్గరే. టైలు 9 మిల్లీమీటర్లు, దాని వెనక గమ్ 5, దాని వెనక పూత 15. టైల్స్ సిమెంటు మాలుతో వేస్తే ఇంకా మందం. అంటే ఇటుక మొదలయ్యేసరికే 30 నుంచి 40 మిల్లీమీటర్లు లోపలికి వెళ్లిపోయాం. రాడ్డుతోపాటు పెట్టెలో వచ్చే ప్లగ్గు పొడవు చాలా వాటికి 40 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. ఆ ప్లగ్గు మొత్తం టైల్లోనూ పూతలోనూ కూర్చుంటుంది, ఇటుకను తాకను కూడా తాకదు. బిగించిన రోజు రాయిలా ఉంటుంది. కొన్ని నెలల లాగుడుకు పూత పిండి అయ్యి వదులవుతుంది. కాబట్టి పెట్టెలో వచ్చిన స్క్రూలూ ప్లగ్గులూ పక్కన పడేసి, ఇటుకలోకి కనీసం 50, 60 మిల్లీమీటర్లు దిగే పొడవైనవి కొనండి. స్క్రూలు 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలువే తీసుకోండి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో మామూలు స్క్రూ తలలు తెల్లటి ఉప్పు పట్టి తుప్పెక్కిపోతాయి.

మీ ఇంట్లో నాకు ఎక్కువ భయం వేసే గోడ ఏఏసీ బ్లాకులది. ఈ బ్లాకు ఘనపు మీటరు 600 కిలోల చుట్టూ తూగుతుంది, కాంక్రీటు 2,400. లోపలంతా గాలి బుడగలే. నొక్కుడు బలం చదరపు మిల్లీమీటరుకు మూడు నాలుగు న్యూటన్లు, ఇళ్లకు మామూలుగా వాడే ఎం20 రకం కాంక్రీటుకు ఇరవై. గోడగా నిలబడటానికి, చల్లదనానికి మంచిదే, దాన్ని తప్పుపట్టను. కానీ బిగించేకొద్దీ వ్యాకోచించి పట్టుకునే యాంకర్ బోల్టును ఇందులో పెడితే, అది పట్టుకోవాల్సిన పదార్థాన్నే నలిపేస్తుంది. హ్యామర్ డ్రిల్ పెడితే పది మిల్లీమీటర్ల బెజ్జం పద్నాలుగు అవుతుంది. టవల్ కొక్కెం, అద్దం లాంటి తేలిక వస్తువులకు ఏఏసీ కోసమే చేసిన నైలాన్ ప్లగ్గులు చాలు. హ్యామర్ ఆపేసి ఉత్త తిప్పుడు మీద బెజ్జం వేస్తే బాగానే పడతాయి. బేసిన్‌కూ, కమోడ్ పక్కన వచ్చే రాడ్డుకూ మాత్రం వాటిని నమ్మొద్దు.

ఆ గోడకు మీ దగ్గర రెండు దారులున్నాయి. మొదటిది కాంక్రీటు. రాడ్డు రెండు చివరలు ఎక్కడ వస్తాయో, బేసిన్ బోల్టులు ఎక్కడ వస్తాయో గుర్తు పెట్టి, అక్కడ బ్లాకును జాగ్రత్తగా కోసి తీసేయాలి. అడుగు పొడవు, ఎనిమిది అంగుళాల ఎత్తు గూడు చాలు. గూడు పక్కల అంచులను నిటారుగా కోయకుండా, గోడ మందం నడుమ వెడల్పుగా ఉండేలా చెక్కిస్తే కాంక్రీటు ముద్ద బయటికి జారదు. పక్క బ్లాకుల్లోకి గుచ్చిన రెండు ఎనిమిది మిల్లీమీటర్ల కడ్డీలు అందులో ఉంచి, చిన్న చిప్స్‌తో 1:1.5:3 పాళ్లలో కాంక్రీటు దట్టంగా నింపించండి. మామూలు సిమెంటైతే కనీసం ఏడు రోజులు, ఇప్పుడు ఎక్కువగా దొరికే పీపీసీ (బూడిద కలిసిన సిమెంటు) అయితే పది రోజులు తడపాలి. మన తిరుపతి ఎండకు గోనెపట్ట కప్పి తడపకపోతే పైపైన ఆరిపోయి లోపల బలం రాదు. టైల్స్ వెనక్కి జరపమన్నది ముఖ్యంగా ఇందుకే. అన్ని గూళ్లూ ఒకే రోజు తీయొద్దు, ఒకటి నింపాక ఇంకొకటి. గోడ ఇంకా కట్టకముందే అయితే ఒక వరుస బ్లాకులకు బదులు, లింటెల్ పోసినట్టు గోడ పొడవునా కాంక్రీటు బ్యాండు పోయించమని చెప్పేవాణ్ని. ఇల్లు కొత్తగా కడుతూ ఇది చదువుతున్నవాళ్లు మాత్రం బేల్దారి మేస్త్రీకి ఈ మాట మొదటి రోజే చెప్పండి. పెద్ద ఖర్చు కాదు.

రెండో దారి, బోల్టును గోడ అవతలికి తేల్చడం. నాలుగంగుళాల గోడే కాబట్టి బాత్రూమ్ వైపు నుంచి పడగ్గది వైపుకు బోల్టు వెళ్లిపోతుంది. అవతల అరచేతికంటే పెద్ద ఇనుప ప్లేటు పెట్టి నట్టు బిగిస్తే, లాగుడు గోడ అంతటి మీద పరుచుకుంటుంది. పడగ్గదిలో అక్కడ వార్డ్‌రోబ్ వస్తుంటే ప్లేటు కనబడదు. టైల్స్ ఇప్పటికే పడిపోయిన ఇళ్లకు ఇదే దారి. మీకైతే కాంక్రీటు గూళ్లే మేలు.

ఇదే గోడలో ప్లంబర్ పైపుల కోసం గాడి కొడతాడు. నాలుగంగుళాల గోడలో అంగుళంన్నర గాడి పడితే అక్కడ మిగిలింది ఎంతో మీరే ఊహించండి. బేసిన్ బోల్టులు గాడి మీద రాకూడదు. పైపు ఎక్కడెక్కడ వెళ్లిందో ఇప్పుడే టేపు పట్టి ఫోన్లో ఫొటోలు తీసుకోండి. నేల నుంచి ఎంత ఎత్తు, మూల నుంచి ఎంత దూరం అన్నది ఫొటోలో టేపు మీద అంకెలు కనబడేలా ఉండాలి. కాంక్రీటు గూళ్లకూ అంతే. టైల్స్ పడ్డాక గూడు ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు, అప్పుడు అంత శ్రమా వృథా.

ఇప్పుడు బోర్డు గోడ. ఇక్కడే మీ కార్పెంటర్‌కూ ఇంటీరియర్ అతనికీ పేచీ. వార్డ్‌రోబ్‌లో మిగిలింది మామూలు ఎంఆర్ ప్లై అయితే కార్పెంటర్ మాట పక్కన పెట్టండి. అది గాలిలో తేమను కొంత తట్టుకుంటుంది గానీ తడిని తట్టుకోదు. చెక్కపొడి నొక్కి చేసే ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు ఆ గోడ దరిదాపులకు కూడా రానివ్వొద్దు. డబ్ల్యూపీసీకి నీళ్ల భయం లేదు, చెదల భయం లేదు, ఆ మాట నిజమే. బాత్రూమ్ తలుపుకు, బేసిన్ కింది అల్మరాకు నేనూ అదే పెట్టించమంటాను. కానీ అది నురగలా పొంగించి చేసిన బోర్డు. మనిషి బరువుకు మళ్లీ మళ్లీ లాగుడు పడే స్క్రూను పట్టి ఉంచడం దాని పని కాదు. నీళ్లకు పాడవదన్న ఒక్క గుణం చూసి రాడ్డు వెనక పెట్టడం నాకు ఒప్పుదల కాదు.

అక్కడ ప్లై పెడితే బీడబ్ల్యూపీ (మరిగే నీళ్లకూ తట్టుకునే) రకం, భారత ప్రమాణం ఐఎస్ 710 ముద్ర ఉన్నది, 18 మిల్లీమీటర్లకు తగ్గకుండా పెట్టించండి. ముద్ర మీద అనుమానంగా ఉంటే అరచేతి ముక్క కోసి వంటింట్లో నీళ్లలో కొన్ని గంటలు ఉడకబెట్టండి. ఈ రకానికి ప్రమాణంలో 72 గంటల మరిగే నీళ్ల పరీక్ష ఉంది. ఆ పూటకే పొరలు విడిపోయే ముక్క ఐఎస్ 710 కాదు. ప్లైని కోసిన అంచులకు ప్రైమరు, రెండు పూతల ఎనామిల్ తప్పనిసరి. నీళ్లు తాగేది అంచుల్లోంచే, చెద ఎక్కువగా ఎక్కేది నేలకు తగిలిన చోటే. అందుకే నేల నుంచి అరడుగు పైనే మొదలవ్వాలి. వాటర్‌ప్రూఫ్ పూత ఎప్పుడూ బోర్డు ముందువైపు, టైల్ కిందే. ప్లై దానికి వెనక పొడిగా ఉండాలి.

అయితే ప్లై ఎంత మంచిదైనా అది దేనికి బిగించి ఉందన్నది చూడండి. ఫాల్స్ సీలింగ్‌కు వాడే పల్చటి జీఐ సెక్షన్‌తో (జింకు పూత రేకు పట్టీలతో) ఆ పెట్టె గోడ లేపి ఉంటే, దానికి ప్లై బిగించి లాభం లేదు, లాగుడుకు ఫ్రేమే వంగుతుంది. ఊళ్లో వెల్డింగ్ షాపులకు కొదవ లేదు కదా, 40 మిల్లీమీటర్ల చదరపు ఇనుప గొట్టంతో ఫ్రేమ్ చేయించి, రెడ్ ఆక్సైడ్, పెయింటు వేయించి, కింద నేల కాంక్రీటుకూ వెనక తొమ్మిదంగుళాల గోడకూ యాంకర్ బోల్టులతో కట్టించండి. అంత ఫ్రేమ్ ఉన్నాక రాడ్డు వచ్చేచోట అడ్డంగా ఇంకో ఇనుప పట్టీ వెల్డ్ చేయిస్తే ప్లై అవసరమే రాదు. నా ఓటు దీనికే.

ఇక గోడకు వేలాడే కమోడ్. దాన్ని అలా ఒక్క బోర్డు గోడకు తగిలించే ఆలోచన ఎవరికైనా ఉంటే వెంటనే ఆపండి. యూరప్ ప్రమాణాల్లో ఇలాంటి కమోడ్‌ను 400 కిలోల బరువు పెట్టి పరీక్షిస్తారు. అంత బరువును నేలకు దించే ఇనుప స్టాండు ఉన్న ట్యాంకు వేరే దొరుకుతుంది, స్టాండు లేని ఉత్త ప్లాస్టిక్ ట్యాంకు వేరే. మీరు ఏది కొన్నారో పెట్టె తెరిచి చూసుకోండి. స్టాండు ఉంటే దాని కాళ్లు నేల కాంక్రీటుకు బోల్టు చేయాలి, టైలు మీద కాదు. స్టాండు లేకపోతే, దాని ఖర్చు కష్టమనిపిస్తే, నేల మీద కూర్చునే మామూలు కమోడ్ పెట్టించండి. పెద్దావిడకు అందులో లోటేమీ లేదు. వేలాడే రకంలో ఉన్న ఒక మేలు మాత్రం వదులుకోవద్దు. సీటు ఎత్తు మనమే నిర్ణయించుకోవచ్చు. మోకాలి ఆపరేషన్ అయినవారికి 45 నుంచి 48 సెంటీమీటర్ల సీటు ఎత్తు లేవడానికి తేలిక. ఆవిడ ఫిజియోథెరపిస్టును అడిగి అంకె ఖాయం చేసుకుని, స్టాండు అప్పుడు బిగించండి. ఆ తర్వాత మార్చలేరు.

గీజర్ గురించి పెద్దగా దిగులొద్దు. నీళ్లతో కలిపి 35 కిలోలు దాటుతుంది కాబట్టి ఏఏసీ గోడకు మాత్రం వద్దు. బయటి ఇటుక గోడకు ఇటుక మధ్యలో, సందులో కాకుండా, పది మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులతో పెట్టించండి. తలుపు పైన లింటెల్ కాంక్రీటు అందితే ఇంకా మంచిది. చిత్తూరు వైపు పాత ఇళ్లలో మట్టితో పేర్చిన రాతి గోడలుంటాయి. అలాంటి ఇల్లున్నవారు బోల్టు రాతిలోకే దిగేలా చూసుకోవాలి, సందుల్లో మట్టి దేన్నీ పట్టదు.

రాడ్లు ఎక్కడ పెట్టాలన్నది మేస్త్రీకి వదలకండి. కొలతల పుస్తకాల్లో నేల నుంచి 33 నుంచి 36 అంగుళాలని ఉంటుంది. మొదలుపెట్టడానికి అది సరే. కానీ మీ అత్తగారిని కమోడ్ ఎత్తున్న కుర్చీలో, అది వచ్చేచోటే కూర్చోబెట్టి లేవమనండి. ఏ కాలికి ఆపరేషన్ అయింది, ఏ చేతితో బలం తీసుకుంటారు, చెయ్యి గోడ మీద సహజంగా ఎక్కడ పడుతుందో సుద్దతో గీయండి. పుస్తకంలోని కొలతకూ, ఆవిడ చేయి చెప్పినదానికీ తేడా వస్తే ఆవిడ చెయ్యే ఖాయం. కాంక్రీటు గూడు గానీ, ఇనుప పట్టీ గానీ ఆ గీతకు పైనా కిందా నాలుగేసి అంగుళాలు ఎక్కువే ఉండనివ్వండి, రేపు ఎత్తు మార్చాల్సి వస్తే పనికొస్తుంది. రాడ్డుకూ గోడకూ మధ్య సందు ఒకటిన్నర అంగుళం ఉండాలి. అంతకంటే ఎక్కువైతే పట్టు జారినప్పుడు మోచెయ్యి అందులో ఇరుక్కుంటుంది.

బిగించే రోజు మీరో మీవారో దగ్గర ఉండండి. టైల్ దాటేదాకా హ్యామర్ ఆపే ఉండాలి. విట్రిఫైడ్ టైల్ అయితే డైమండ్ బిట్ వాడాలి. ప్లగ్గు టైల్ మందంలో ఆగిపోకూడదు, టైల్ దాటి లోపలికి నెట్టాలి, లేకపోతే బిగించేటప్పుడు టైల్ చీలుతుంది. బెజ్జంలో దుమ్మంతా ఊదేసి, స్క్రూ పెట్టేముందు శానిటరీ సిలికాన్ నింపమనండి. లేదంటే ప్రతి బెజ్జం గోడలోకి నీళ్లు పోయే దారి అవుతుంది. అన్నీ ఆరాక, డబ్బు పూర్తిగా ఇవ్వకముందే, మీ ఇంట్లో బరువైన మనిషి ఒకరు రెండు చేతులతో ఒక్కో రాడ్డునూ పట్టుకుని వెనక్కి వాలి, ఆ తర్వాత కిందికి వేలాడి చూడాలి. కాస్త కదిలినా, చిన్న కిర్రుమన్న శబ్దం వచ్చినా ఊడదీయించి మళ్లీ బిగింపించండి.

చివరిగా, టవల్ రాడ్డు. కమోడ్ నుంచీ, షవర్ నుంచీ చేతికి అందేంత దూరంలో ఉంటే, జారినప్పుడు ఆవిడ చెయ్యి పడేది దానిమీదే. అది రెండు చిన్న ప్లగ్గుల మీద ఉంటే ఊడి చేతికొస్తుంది. దాన్ని ఆవిడ చేతికి అందని గోడకు మార్చండి, లేదా దాని స్థానంలో కూడా మూడో పట్టు రాడ్డే పెట్టించి టవల్ దానిమీదే వేసుకోండి. టైల్‌కు నొక్కితే అతుక్కునే రబ్బరు కప్పుల హ్యాండిళ్లు ఆన్‌లైన్లో చవగ్గా దొరుకుతున్నాయి. ఆవిడ బాత్రూమ్‌లో అవి ఒక్కటి కూడా ఉండొద్దు.